సినిమా జీపు కొన్నాను, ఆర్సీ ఇంకా కంపెనీ పేరునే ఉంది

ప్రశ్న: మాది హసన్‌పర్తి దగ్గర ఊరు. కరీంనగర్ రోడ్డు మీద దాబా నడుపుతున్నాను. ఒక సినిమాలో హీరో నడిపిన జీపును షూటింగ్ అయ్యాక ప్రొడక్షన్ మేనేజర్ దగ్గర మూడు లక్షలకు మాట్లాడుకుని, రెండు లక్షలిచ్చి తెచ్చుకున్నాను. స్టాంపు కాగితం మీద రాసిచ్చాడు. ఆర్సీ హైదరాబాద్ కంపెనీ పేరునే ఉంది. షూటింగ్ కోసం టాపు కోసేశారు, రంగు మార్చారు. దాబా ముందు హీరో ఫొటోతో బోర్డు పెట్టి, బరాత్‌లకు కిరాయికి ఇద్దామని ఉంది. ఇబ్బంది ఏమైనా ఉంటుందా?

జవాబు: ముందుగా, మిగతా లక్ష ఇప్పుడే ఇవ్వకండి. షూటింగ్‌లకు వాడే బండ్లలో కిరాయికి తెచ్చినవి చాలా ఉంటాయి, కంపెనీ కొన్నవీ ఉంటాయి. మీది కంపెనీదే అయినా, మేనేజర్ అక్కడ ఉద్యోగి మాత్రమే. కంపెనీ అధికారం ఇవ్వకుండా అతను అమ్మితే, 1930 నాటి వస్తు విక్రయ చట్టం సెక్షన్ 27 ప్రకారం మామూలుగా బండి మీది కాదు. స్టాంపు కాగితం ఆ లోటును పూడ్చదు. కంపెనీ లెటర్‌హెడ్ మీద అమ్మకం పత్రం, బండి పేరు మార్పుకు వాడే ఫారం 29, 30లో కంపెనీ తరఫున అధికారం ఉన్నవారి సంతకం అడగండి. ఆర్సీలో ఫైనాన్స్ నమోదై ఉంటే, అప్పు తీరినట్టు ఫారం 35 కూడా కావాలి.

తర్వాత చాసిస్ నంబరు చూడండి. యాక్షన్ సీన్లకు ఒకేలాంటి బండ్లు రెండు మూడు తయారుచేసి, ఒకే నంబరు ప్లేటు తగిలిస్తుంటారు. అందుకే ప్లేటును నమ్మొద్దు. చాసిస్ మీద కొట్టిన నంబరును తుడిచి, సన్నటి కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది అచ్చు తీయండి. అది ఆర్సీలోని నంబరుతో అక్షరం అక్షరం కలవాలి. ఇంజిన్ నంబరూ అంతే. తేడా వస్తే బండిని కదపకుండా నా దగ్గరికో, మీకు తెలిసిన వకీలు దగ్గరికో రండి.

ఈ చాసిస్ నంబరు రాసి, ‘సినిమాలో వాడిన బండి ఇదే’ అని నిర్మాత చేత ఉత్తరం రాయించుకోండి. దాని విలువ చాలామందికి తెలియదు. ‘బుల్లిట్’ అనే హాలీవుడ్ సినిమాకు రెండు మస్టాంగ్ కార్లు వాడారు. వాటిలో హీరో కారు 2020 వేలంలో 30 లక్షల డాలర్లు దాటి పలికింది, ఆ కారే అని రుజువు చేసే కాగితాలు ఉండబట్టే. ఉత్తరం లేకుంటే మీది అందరి జీపుల్లో ఒకటి.

ఆర్సీ మార్పుకు, అదే రాష్ట్రంలో అమ్మినవాళ్లు 14 రోజుల్లో, కొన్నవాళ్లు 30 రోజుల్లో ఆర్టీఏకు తెలపాలి. ఇన్సూరెన్స్ కూడా మీ పేరు మీదికి మార్పించండి. కంపెనీ వాళ్లు నాన్చితే ఒక మాట చెప్పండి: ఆర్సీ మారేదాకా ప్రమాదం జరిగితే పరిహారం బాధ్యత ఆర్సీలో పేరున్నవారిదేనని 2018లో నవీన్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. సంతకం త్వరగా పడుతుంది.

టాపు కోసిన బండి రోడ్డెక్కితే తిప్పలే. తయారీదారు ఇచ్చిన ఆకారానికి భిన్నంగా మార్చడం మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52కు విరుద్ధం. అదే చట్టం సెక్షన్ 182ఎ(4) కింద ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, 6 నెలల దాకా జైలు కూడా పడొచ్చు. టాపు పాత పద్ధతిలో పెట్టించండి. కొత్త రంగును ఆర్సీలో రాయించుకోవచ్చు. లేదంటే రోడ్డు భూమిలోకి రాకుండా మీ సొంత జాగాలో నిలబెట్టి ఉంచండి.

తెల్ల ప్లేటు బండిని, అంటే సొంత వాడకానికి నమోదైనదాన్ని, కిరాయికి తిప్పడం కుదరదు. పర్మిట్ లేకుంటే 10,000 రూపాయల జరిమానాతో పాటు జైలు కూడా ఉంది.

బోర్డు విషయానికొస్తే, హీరో ఫొటో ఆయన అనుమతి లేకుండా పెట్టకండి. 2023లో అనిల్ కపూర్ కేసులో ఢిల్లీ హైకోర్టు, ఆయన పేరు, బొమ్మ, గొంతు వ్యాపారానికి వాడకుండా అడ్డుకుంది. సినిమా పోస్టరుకు కాపీరైట్ ఉంటుంది. నిర్మాత ఉత్తరంలోనే బోర్డు మీద పోస్టరు వాడుకోవడానికి కూడా ఒప్పుకున్నట్టు ఒక వాక్యం రాయించుకోండి.

కంపెనీ ‘మేం అమ్మలేదు’ అంటే, మేనేజర్‌కు లీగల్ నోటీసు ఇచ్చి డబ్బు వాపసు అడగాలి. మోసం కనిపిస్తే పోలీసు ఫిర్యాదు వేరు. డబ్బు వాపసు దావాకు మామూలుగా గడువు 3 ఏళ్లు. రెండు లక్షలు ఇక్కడే చేతికిచ్చి ఉంటే హనుమకొండలోనే దావా వేయొచ్చు, హైదరాబాద్ తిరగనక్కర్లేదు. బ్యాంకు ద్వారా పంపి ఉంటే ఆ స్టేట్‌మెంటు ఈరోజే తీసిపెట్టుకోండి.