కొండ ఊటలో పురుగుకు పేరు పెట్టే చదువు

ప్రశ్న: మా అమ్మాయి హన్మకొండలో బీఎస్సీ బీజెడ్సీ చివరి ఏడాదిలో ఉంది. ఎక్కడో కొండ ఊటల్లో దొరికిన క్యాడిస్‌ఫ్లై అనే బుల్లి రెక్కల పురుగు కొత్త జాతి అని తేల్చి పేరు పెట్టారట. ఆ సంగతి చదివినప్పటి నుంచి నేనూ అదే పని చేస్తానంటోంది. బీఎడ్ చేసి టీచర్ పోస్టుకు రాయమంటే వినడం లేదు. పురుగుల వెంట తిరిగితే కడుపు నిండుతుందా సార్?
– ఒక తల్లి, హన్మకొండ

జవాబు: నిండుతుందమ్మా, కానీ ఆలస్యంగా. ఎమ్మెస్సీకి రెండేళ్లు, పీహెచ్‌డీకి ఐదేళ్లు వేసుకోండి. ఆ తర్వాతే స్థిరమైన ఉద్యోగం మాట. అన్నాళ్లు ఓపిక పట్టగలమా అన్నది మీ ఇంట్లో ముందే తేల్చుకోవాల్సిన విషయం.

ఇక ఆ పని ఎలా ఉంటుందో మీరూ కొంత తెలుసుకోవాలి. అది మీ అమ్మాయికి సరిపడుతుందో లేదో దగ్గరుండి చూసేది మీరే కదా. క్యాడిస్‌ఫ్లైలు సీతాకోకచిలుకలకు దగ్గరి చుట్టాలు. రెక్కల మీద పొలుసులకు బదులు సన్నని నూగు ఉంటుంది. పిల్లపురుగులు నీళ్లలో పెరుగుతాయి. చాలావరకు నోటి నుంచి పట్టుదారం తీసి, ఇసుక రేణువులతోనో ఆకు ముక్కలతోనో గూడు కట్టుకుంటాయి. ప్రపంచంలో ఇప్పటిదాకా సుమారు 17,000 జాతులకు పేర్లున్నాయి. వీటిలో హైడ్రాప్టిలిడే కుటుంబం వాళ్లు మరీ చిన్నవాళ్లు. రెక్కలొచ్చిన పురుగు నువ్వుగింజంత ఉంటే గొప్ప. దాని పిల్లపురుగు మొదటి నాలుగు దశలూ గూడు లేకుండానే తిరిగి, ఐదో దశలో మాత్రమే గూడు కట్టుకుంటుంది.

కొండ ఊటల దగ్గరే కొత్తవి ఎందుకు దొరుకుతాయంటే, బండ మీద పలచగా జాలువారే ఆ నీటిలో బతికే పురుగు వేరే చోట బతకలేకపోవచ్చు. ఒక గుట్ట ఊటకీ ఇంకో గుట్ట ఊటకీ మధ్య మైళ్ల కొద్దీ పొడి నేల. అట్లా విడిపోయి తరాలు గడిస్తే, ఎక్కడి పురుగు అక్కడ వేరే జాతిగా మారుతుంది. ఆ ఒక్క ఊట ఎండినా, ఎవరైనా పైపు వేసి నీళ్లు మళ్లించినా ఆ జాతి మొత్తం పోయినట్టే. పేరైనా పెట్టకముందే పోతే, అలాంటిది ఒకటి ఉండేదని కూడా ఎవరికీ తెలియదు. మీ అమ్మాయి ఈ పనిని అంత గట్టిగా పట్టుకుందంటే నాకు ముచ్చటేస్తోంది.

పురుగును పట్టడం కష్టమేం కాదు. పొద్దుగూకాక వాగు పక్కన తెల్ల బట్ట కట్టి అతినీలలోహిత దీపం పెడితే అవే వచ్చి వాలతాయి. అసలు పని బల్ల దగ్గర. ఈ బుల్లి పురుగుల రంగు, రెక్కలు చూసి జాతి చెప్పడం దాదాపు కుదరదు. మగ పురుగు జననాంగాల ఆకారమే ఆధారం. అందుకని పొట్ట చివర్ని విడదీసి పొటాషియం హైడ్రాక్సైడ్‌లోనో లాక్టిక్ ఆమ్లంలోనో వేడి చేస్తారు. కండ కరిగిపోయి పైపెంకు మాత్రం పారదర్శకంగా మిగులుతుంది. దాన్ని గ్లిజరిన్ చుక్కలో పెట్టి, సన్నని సూదితో పక్కకు, వెల్లకిలా, బోర్లా తిప్పుతూ మైక్రోస్కోప్ కింద బొమ్మలు గీస్తారు. ఉన్నది ఒక్కటే నమూనా అయి అది కాస్తా చితికిపోతే పని అక్కడితో ఆగిపోతుంది. ఆ తర్వాత, దాని చుట్టాల గురించి గతంలో అచ్చయినదంతా ముందేసుకుని, ఇది వాటిలో ఏదీ కాదని నిరూపించాలి. మన దేశపు క్యాడిస్‌ఫ్లైల మీద గత శతాబ్దంలో లండన్‌లో మోస్లీ, కెనడాలో ష్మిడ్ లాంటివాళ్లు చాలా పని చేశారు. అవన్నీ చదవక తప్పదు. చివరగా, పేరుకు ఆధారమైన హోలోటైప్ నమూనాను 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం గుర్తింపు ఉన్న, నమూనాలు దాచే భాండాగారంలో భద్రపరచాలి.

ఇంత నిదానం, ఇంత పట్టుదల మీ అమ్మాయిలో కనిపిస్తే ఆపకండి. అడవుల్లో తిరగడం మీద మాత్రమే మోజైతే ఆమెతో ఇంకోసారి కూర్చుని మాట్లాడండి.

డబ్బు సంగతి. పీజీ ప్రవేశ పరీక్ష సీపీగెట్ రాసి కాకతీయలోనో ఉస్మానియాలోనో ఎమ్మెస్సీ జువాలజీ చేయొచ్చు. ఆ తర్వాత సీఎస్‌ఐఆర్ నెట్ అనే జాతీయ పరీక్ష లైఫ్ సైన్సెస్‌లో రాసి, జేఆర్‌ఎఫ్ (పరిశోధన చేసేవాళ్లకిచ్చే ఫెలోషిప్) వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు, ఆపైన 42,000. ఇంటి అద్దె భత్యం అదనం. ఆ పరీక్షలో పురుగుల వర్గీకరణ కంటే బయోకెమిస్ట్రీ, మాలిక్యులర్ బయాలజీ ఎక్కువ అడుగుతారు. మన పిల్లలు చాలామంది అక్కడే వెనకపడుతున్నారు. కాబట్టి ఆ రెండింటినీ ఇప్పుడే పట్టుకోమనండి. ఉద్యోగాలకొస్తే జువలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా, యూనివర్సిటీలు, డిగ్రీ కాలేజీలు. పోస్టులు తక్కువ, నోటిఫికేషన్లు ఎప్పుడో గానీ రావు. అందుకే నా మాటగా ఒకటి చెప్పండి: పేర్లు పెట్టడంతో పాటు, నీటి పురుగులను బట్టి వాగు ఆరోగ్యం చెప్పడం, డీఎన్‌ఏ బార్‌కోడింగ్ (డీఎన్‌ఏలో ఓ చిన్న ముక్కను చదివి జాతిని గుర్తుపట్టడం) కూడా నేర్చుకోవాలి. క్యాడిస్‌ఫ్లైల్లో చాలా జాతులు మురికి నీటిని తట్టుకోలేవు. అందుకే నీటి నాణ్యత అంచనాల్లో వాటిని లెక్కిస్తారు. కాలుష్య నియంత్రణ, పర్యావరణ సంస్థల్లో ఆ నైపుణ్యానికి గిరాకీ ఉంది.

బీఎడ్‌ను కొట్టిపారేయను. ఎమ్మెస్సీ అయ్యాక జేఆర్‌ఎఫ్ రాకపోతే అప్పుడు చేయొచ్చు, తలుపేమీ మూసుకుపోదు. ఇప్పుడే బలవంతంగా చేర్పిస్తే మాత్రం ఆ కోర్సూ మనసు పెట్టి చేయదు.

ఈలోగా దూరం పోనక్కర్లేదు. మన మల్లూరు గుట్ట మీద చింతామణి ధార ఉంది, అటు బొగత, కుంటాల జలపాతాలు ఉన్నాయి. వెళ్లి నీటి అంచున రాళ్లు తిప్పి చూసి, ఫొటోలు తీసి, నోట్‌బుక్‌లో రాసుకుని, రాళ్లను మళ్లీ ఎట్లా ఉన్నవి అట్లా పెట్టేయమనండి. ఏటూరునాగారం లాంటి అభయారణ్యంలో మాత్రం అటవీ శాఖ అనుమతి లేకుండా ఒక్క పురుగును కూడా సేకరించకూడదు. హైదరాబాద్‌లోనే జువలాజికల్ సర్వేకు మంచినీటి జీవశాస్త్ర ప్రాంతీయ కేంద్రం ఉంది. కాలేజీ లెక్చరర్ చేత ఉత్తరం రాయించుకుని, సెలవుల్లో కొన్నాళ్లు అక్కడ పని చూడనిస్తారేమో అడగమనండి. ఒప్పుకుంటే మొదటి రోజు మీరూ వెంట వెళ్లండి. ఆ పనిలో ఉన్నవాళ్లను, ఏ కోర్సు చేశారు, ఎన్నేళ్లకు ఉద్యోగం వచ్చింది అని మీరే నేరుగా అడగండి.