ఒప్పంద పత్రం దగ్గర మొదలుపెట్టు: యువ రచయితకు లేఖ

చిరంజీవికి,

ఆశీస్సులు. నీ రాతప్రతి అందింది. ఒకసారి ఊరికే చదివాను, మరోసారి పెన్సిలు పట్టుకుని చదివాను. కొలంబస్‌తో మొదలుపెట్టి కెప్టెన్ కుక్ దాకా మూడు వందల ఏళ్లను నలభై పేజీల్లో పరుగెత్తించావు. నీ వాక్యానికి ఊపు ఉంది. కానీ ఎక్కడ చూసినా తుఫాను, తెరచాప, దిక్సూచి, చిగుళ్లు వాచిన నావికులు, ఆఖరున దూరంగా నేల కనిపించిందని ఒక కేక. ప్రతి అధ్యాయాన్నీ ఆ కేకతోనే ముగించావు. జనం బతుకులు తారుమారైంది ఆ తరవాత కదా!

ఓడల గురించి తగ్గించి రాయి. ఓడ దిగినవాళ్లు ఎవరితో ఏ కాగితం మీద సంతకం పెట్టించుకున్నారో చూడు. సముద్రాలు దాటడం ఆసియాకు కొత్త విద్య కాదు. 1498లో వాస్కోడగామాను మాలిందీ నుంచి కోళికోడ్ తీరానికి చేర్చింది ఈ సముద్రం తెలిసిన దారిచూపరే. 1512లో పోర్చుగీసులు బండా దీవులకు వెళ్లింది కూడా మలయా నావికుల సాయంతోనే. దారి పాతదే. ఆ దారిలో నడిచే సరుకంతా తమకే చెందాలన్న పంతం మాత్రం కొత్తది.

ఉదాహరణకు ఆ బండానే తీసుకో. ఇండోనేషియాలోని మలుకు ప్రాంతంలో, అగ్నిపర్వతం చుట్టూ ఉన్న చిన్న చిన్న దీవులవి. ఆ రోజుల్లో ప్రపంచానికంతటికీ జాజికాయ, జాపత్రి అక్కడి నుంచే రావాలి. పండు పసుపుపచ్చగా, గుండ్రంగా ఉంటుంది. పండి పగిలితే లోపల నల్లని పెంకు, దాన్ని వల అల్లినట్టు చుట్టుకున్న ఎర్రని జాపత్రి. పెంకును కదిపితే లోపలి గింజ గలగలమనేదాకా ఎండబెడతారు. రాజు లేడు, ఒరాంగ్ కాయా అనే ఊరి పెద్దలే మాట్లాడుకుని వ్యవహారం నడిపేవారు. తిండి మాత్రం అక్కడ పండేది చాలదు. బియ్యం జావా నుంచి, సాగో పిండి పక్క దీవుల నుంచి రావాలి. జాజికాయ ఇచ్చి అన్నం తెచ్చుకునే ఊళ్లు.

ఈ ఒక్క సంగతి నీ పాఠకుడికి పట్టించగలిగితే సగం పని అయినట్టే. 1602లో డచ్చి ఈస్టిండియా కంపెనీ అక్కడి పెద్దల్లో కొందరిచేత జాజికాయ తమకు తప్ప ఇంకెవరికీ అమ్మబోమని ఒప్పందం రాయించుకుంది. పెద్దలందరూ సంతకం పెట్టలేదు. పెట్టినవాళ్లకైనా దాన్ని నిలబెట్టుకోవడమంటే జావా పడవను వెనక్కి పంపి పస్తులుండటమే. డచ్చివాళ్లు తెచ్చింది బియ్యం కాదు, ఆ ఉక్కలో ఎవరూ కట్టుకోలేని ఉన్ని బట్టలు. దాంతో బండా జనం ఎప్పటిలాగే జావా వాళ్లకు, మలయా వాళ్లకు, ఆ తరవాత వచ్చిన ఇంగ్లీషువాళ్లకు అమ్ముకున్నారు. కంపెనీ దాన్ని ద్రోహమంది. 1609లో బండా వాళ్లు డచ్చి నౌకాదళాధిపతి వెర్హూవెన్‌ను పొంచి ఉండి చంపారు. అది కూడా దాచకుండా రాయి. బాధితులను దేవతలుగా చేస్తే కథ చప్పబడిపోతుంది.

ఇక్కడే మన ఊరు వస్తుంది. ఆ దీవుల్లో గిరాకీ ఉన్నది కోరమాండల్ తీరపు బట్టలకని డచ్చివాళ్లు త్వరగానే గ్రహించారు. అందుకే 1605లో గోల్కొండ సుల్తాను ఏలుబడిలో ఉన్న మచిలీపట్నం రేవుకు వచ్చారు, మరుసటి ఏడాదికి నిజాంపట్నంలోనూ దిగారు. ఆ చుట్టుపక్కల దొరికే చిరివేరుతో వేసిన ఎరుపు రంగు ఎన్ని ఉతుకులకైనా తగ్గేది కాదు. బందరులో వలందపాలెం (వలందులంటే డచ్చివాళ్లే) ఈనాటికీ ఉంది, ఒకసారి వెళ్లి తిరిగి రా. అయితే ఈ భాగం రాసేటప్పుడు 'మన వస్త్రాలకు ప్రపంచ ఖ్యాతి' అని ఛాతీ విరుచుకోకు. మన నేత బట్ట అక్కడ జాజికాయ కొనే నాణెమైంది. ఆ వ్యాపారం నడిపిన కంపెనీయే మన తీరంలో కరువు రోజుల్లో మనుషులను కొని బటావియాకు, అంటే నేటి జకార్తాకు, ఓడల్లో పంపింది. రెండూ ఒకే పేజీలో ఉండనీ.

1621 దగ్గర నీ విశేషణాలన్నీ పక్కన పెట్టు. కంపెనీ గవర్నర్ జనరల్ యాన్ పీటర్‌సూన్ కూన్ పెద్ద దండుతో వచ్చి బండాల్లో పెద్దదైన లోంథార్ దీవిని పట్టుకున్నాడు. ఆ మే నెలలో కోట బయట వెదురు దడి లోపల 44 మంది ఒరాంగ్ కాయాలను నిలబెట్టి, కంపెనీ జీతం తినే జపాను సైనికులచేత నరికించారు. చూసినవాడే, డచ్చివాడే రాసిపెట్టాడు. ఈ పనిలో తమకెవరికీ సంతోషం లేదని కూడా రాశాడు. నీ రాతప్రతిలో ఇలాంటి చోట 'రాక్షసత్వం', 'నరరూప రాక్షసులు' అని నాలుగుసార్లు వచ్చింది. వెదురు దడి, 44 అనే అంకె చాలు. మొత్తం జనాభా సుమారు 15 వేలని చరిత్రకారుల అంచనా. చావగా, పారిపోగా, బానిసలుగా పోగా మిగిలింది వెయ్యి దాకా. తోటలను 68 ముక్కలు చేసి కంపెనీ తన మనుషులకు పంచింది, చాకిరీకి బానిసలను దింపింది. కూన్‌ను పైవాళ్లు కాస్త మందలించారు. 1627లో అతను మళ్లీ అదే పదవిలోకి వచ్చాడు.

బండాల్లోని జాజికాయ దీవి రన్‌ను డచ్చివాళ్లకు ఇచ్చి ఇంగ్లీషువాళ్లు మన్‌హట్టన్‌ను కొనుక్కున్నారన్న ముచ్చట నీకూ తగిలింది, తప్పించుకోలేకపోయావు. కొట్టేశాను. మన్‌హట్టన్ మీద డచ్చివాళ్ల ఊరైన న్యూ ఆమ్‌స్టర్‌డామ్‌ను, అంటే నేటి న్యూయార్క్‌ను, ఇంగ్లీషువాళ్లు 1664లోనే పట్టుకున్నారు. 1667 బ్రేడా సంధిలో ఎవరి చేతిలో ఉన్నది వారికే వదిలారు, అంతే.

'ఆ జాతి తుడిచిపెట్టుకుపోయింది' అన్న వాక్యాన్నీ కొట్టేశాను. తప్పించుకున్నవాళ్లు కై దీవులు చేరారు. అక్కడ బండా ఎలి, బండా ఎలాత్ అనే రెండు ఊళ్లలో వాళ్ల వారసులు తమ పాత భాషను నిలుపుకున్నారు. అసలు బండాలో ఆ భాష వినిపించదు. ఉన్నవాళ్లను లేరని రాయడం, కూన్ పూర్తి చేయలేకపోయిన పనిని మనం పూర్తి చేసినట్టవుతుంది.

మిగతా ముప్పయి పేజీలు, అంటే అమెరికా, మశూచి, పొటోసీ వెండి అన్నీ, విడిగా దాచిపెట్టు. ఒక్కోటీ ఒక్కో పుస్తకానికి సరిపడా సరుకు. ముందు 1602 నుంచి 1621 దాకా మాత్రమే రాసి పంపు. కంపెనీ ఉత్తరాలు, లెక్కలు ఇంగ్లీషు అనువాదంలో చాలానే దొరుకుతాయి. వాళ్లు తిట్టిన చోటల్లా ఆగి, ఎదుటివాడు ఏమి అడిగి ఉంటాడో ఆలోచించి చదువు. ఈసారి పేజీ నంబర్లు వేయడం మరిచిపోకు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు