డ్రిఫ్టింగ్‌కు ముందు కారు కింద దూరి చూడండి: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: నా దగ్గర పాత బీఎండబ్ల్యూ 3 సిరీస్ కారు ఉంది. ఈ46 తరం, రెండున్నర లీటర్ల ఆరు సిలిండర్ల పెట్రోలు ఇంజను, మాన్యువల్ గేర్లు. ఇంటి వెనక రేకుల షెడ్డులో చిన్న చిన్న రిపేర్లు నేనే చేసుకుంటాను. కారు వెనకభాగాన్ని కావాలనే పక్కకు జార్చుతూ నడిపే డ్రిఫ్టింగ్‌ను సరదాకు నేర్చుకోవాలని ఉంది. టర్బో పెట్టించమని ఒకరు, రెండు వెనక చక్రాలకు శక్తిని పంచే డిఫరెన్షియల్‌ను వెల్డింగ్ చేయించమని ఒకరు, హైడ్రాలిక్ హ్యాండ్‌బ్రేక్ వేయమని ఇంకొకరు అంటున్నారు. దేనితో మొదలుపెట్టాలి?
– ఒక పాఠకుడు, తిరుపతి

జవాబు: ఆ మూడింటిలో ఏదీ మొదట చేయవలసిన పని కాదు. టర్బో సంగతి పూర్తిగా మరిచిపోండి. మీ ఇంజను కొత్తలో సుమారు 190 హార్స్‌పవర్ ఇచ్చేది; నేర్చుకునే వారికి అది చాలు, నిజానికి కాస్త ఎక్కువే. జపాన్‌లో డ్రిఫ్టింగ్‌కు పేరు తెచ్చిన కెయిచి త్సుచియా పేరుతో పెనవేసుకుపోయిన టయోటా ఏఈ86 కారు 1983లో వచ్చింది. అందులో ఉన్నది 1.6 లీటర్ల ఇంజనే. ఇంజను ముందు ఉండడం, దాని శక్తి వెనక చక్రాలకు అందడం, బరువు తక్కువగా ఉండడం ఆ కారుకు కలిసివచ్చాయి. మీ కారులో మొదటి రెండూ ఉన్నాయి.

మొదట మీరు చేయవలసింది కారు కింద దూరి చూడడం. ఈ46 తరంలో వెనక డిఫరెన్షియల్‌ను, సస్పెన్షన్ ఆర్ములను మోసే ఫ్రేము నాలుగు చోట్ల బాడీ అడుగు రేకుకు బోల్టులతో బిగించి ఉంటుంది. ఆ నాలుగు చోట్లా రేకు చిరగడం ఈ కారుకున్న ప్రసిద్ధమైన బలహీనత. మామూలుగా నడిపిన కార్లలోనే ఇది కనిపిస్తుంది. క్లచ్‌ను ఒక్కసారిగా వదిలి వెనక చక్రాలను కుదిపే డ్రిఫ్టింగ్‌లో ఇంకా త్వరగా వస్తుంది. బోల్టు చుట్టూ ఉన్న నల్లటి పూతను గీకి, గుడ్డతో శుభ్రంగా తుడిచి, టార్చిలైటును పక్కవాటంగా పట్టి చూడండి. వెంట్రుక మందాన పెయింటు విడిపోయి, ఆ గీత వెంట సన్నగా తుప్పు రంగు కనిపించిందంటే రేకు చిరగడం మొదలైనట్టే. స్పాట్ వెల్డింగులు ఊడిన చోట చుట్టూ పెయింటు పొలుసులుగా లేచి ఉంటుంది. చిరుగు కనిపిస్తే ఫ్రేమును దింపి, బలపరిచే ప్లేట్లను అతికించాలి. ఈ పనిని మాత్రం షెడ్డులో పెట్టుకోకండి. పెట్రోలు ట్యాంకు ఆ పక్కనే ఉంటుంది కాబట్టి, దాన్ని దింపి, బ్యాటరీ వైర్లు తీసి, అనుభవం ఉన్న వెల్డర్ చేతనే చేయించండి. ఈ ఒక్క పరీక్షలో కారు నెగ్గకపోతే మిగతా ఖర్చంతా వృథా.

రెండవది వేడి. డ్రిఫ్టింగ్‌లో ఇంజను అధిక ఆర్‌పీఎంలో తిరుగుతుంది, కారు వేగం మాత్రం తక్కువ. రేడియేటరుకు ఎదురుగాలి సరిగ్గా తగలదు. ఏప్రిల్, మే నెలల్లో మన ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. ఈ ఇంజనులో కూలెంట్ ట్యాంకు ప్లాస్టిక్‌ది. ఏళ్లు గడిచేకొద్దీ అతుకు దగ్గర పగులుతుంది. అతుకు వెంట తెల్లటి పొర ఆరిపోయి కనిపిస్తే ఆ ట్యాంకును నమ్మవద్దు. ట్యాంకు, వాటర్ పంపు, థర్మోస్టాట్, పై, కింది హోసులు, వాటితో పాటు డ్యాష్‌బోర్డు మీది సూచికతో సంబంధం లేకుండా పనిచేసే ఉష్ణోగ్రత మీటరు ఒకటి, అన్నీ ఒకేసారి మార్చుకోండి; ఇవన్నీ ఇంట్లో చేసుకోదగ్గ పనులే. కారులోని సూచిక ముల్లు చాలా దూరం వరకు మధ్యలోనే నిలబడి, పరిస్థితి చెయ్యి దాటాక కదులుతుంది. అందుకే వేరే మీటరు అవసరం. ఈ శ్రేణి ఇంజన్లలో ఆయిల్ పంపు స్ప్రాకెట్‌ను పట్టి ఉంచే నట్టు వదులవుతుందని కూడా మెకానిక్కులకు తెలుసు. ఆర్‌పీఎం పరిమితిని మాటిమాటికీ తాకించే వారికి ఆ ప్రమాదం ఎక్కువ. ఎప్పుడైనా ఆయిల్ చాంబరు దింపినప్పుడు ఆ నట్టును సరిచేయించండి, నడిపే రోజు ఆయిల్‌ను పై గీత దాకా ఉంచండి.

ఇక డిఫరెన్షియల్. మీ కారులో ఉన్నది మామూలు ఓపెన్ డిఫరెన్షియల్. కారు వంపులో ఒరిగినప్పుడు లోపలి చక్రం తేలికవుతుంది. తేలికైన చక్రం పట్టు లేకుండా గిరగిరా తిరిగిపోతుంటే రెండో చక్రానికి చేరే బలం కూడా ఆ మేరకే పరిమితమవుతుంది. అందుకే పొగ ఒకవైపు నుంచే వస్తుంది, కారు వెనకభాగం నిలకడగా జారదు. దీనికి చౌక మార్గంగా చాలామంది లోపలి స్పైడర్ గేర్లను వెల్డింగ్‌తో ఒకటిగా అతికించేస్తారు. అప్పటి నుంచి రెండు చక్రాలూ ఎప్పుడూ ఒకే వేగంతో తిరుగుతాయి. ట్రాక్ మీద ఇది పనిచేస్తుంది, కాదనను. అదే కారును బజారులో మలుపు తిప్పితే లోపలి టైరు నేలను గీసుకుంటూ పోతుంది, యాక్సిల్ షాఫ్టుల మీద మెలిక పడుతుంది, వాన కురిసిన రోడ్డు మీద చిన్న మలుపులోనూ వెనకభాగం చెప్పకుండా పక్కకు పోతుంది. గేర్ల ఉక్కు గట్టిపరిచినది కావడం వల్ల, ఆయిల్ జిడ్డు పూర్తిగా పోకుండా, ముందుగా వేడి చేయకుండా వేసిన వెల్డింగ్ పగిలి, ముక్కలు క్రౌన్, పినియన్ పళ్లలో పడతాయి. రోడ్డు మీద నడిచే కారుకు వెల్డింగ్ డిఫరెన్షియల్ వద్దని నా గట్టి అభిప్రాయం. కొన్ని నెలలు ఓపెన్ డిఫరెన్షియల్‌తోనే తడి నేల మీద నేర్చుకుని, ఆ తర్వాత డబ్బు కూడబెట్టి ఒక చక్రమే ఊరికే తిరిగిపోకుండా అదుపు చేసే క్లచ్ ప్లేట్ల రకం లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్ కొనండి. పాత విడిభాగాలకు చెన్నైలో పుదుపేట ఉంది. కానీ హెల్మెట్, సీటుబెల్టు, స్టీరింగ్ భాగాలు ఎంత చౌకగా వచ్చినా వాడినవి కొనకండి.

ఆయిల్ ఒత్తిడితో వెనక చక్రాలను పట్టే హైడ్రాలిక్ హ్యాండ్‌బ్రేక్ కూడా ఇప్పుడే అక్కరలేదు. మీ కారులో హ్యాండ్‌బ్రేక్‌కు వెనక డిస్కుల లోపల చిన్న డ్రమ్ములు, విడిగా షూలు ఉంటాయి. అవి అరిగిపోతే లివర్ లాగినా చక్రం పట్టదు. షూలు మార్చి, కేబుల్ సరిచేస్తే నేర్చుకోవడానికి సరిపోతుంది. అసలు హ్యాండ్‌బ్రేక్‌ను పీకేసి హైడ్రాలిక్ లివర్ ఒక్కటే ఉంచుకున్న కార్లను చూశాను. వాటిని వాలులో నిలిపి దిగలేము. ఎప్పుడో వేసుకున్నా పాతదాన్ని తీయకండి.

రబ్బరు బుష్‌లు, ఇంజను, గేర్‌బాక్సు ఫౌండేషన్లు, మంచి షాక్ అబ్జార్బర్లు, కొత్త బ్రేక్ ఆయిల్: వీటి గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు, అన్నీ మార్చాల్సినవే. స్ప్రింగులను కోయకండి. అలైన్‌మెంట్ షాపులో ముందు చక్రాలకు నెగెటివ్ క్యాంబర్ (చక్రం పైభాగం లోపలికి వాలడం) ఎక్కువగా, వెనక చక్రాలు దాదాపు నిటారుగా ఉండేట్టు పెట్టించుకుంటే ముందు పట్టు పెరుగుతుంది. మంచి టైర్లు ముందుకు, గట్టి రబ్బరు ఉన్న చౌక టైర్లు వెనకకు. వెనక టైర్లు త్వరగా అరిగిపోతాయి కనుక డబ్బు లెక్క వేసుకునేటప్పుడు టైర్లనే ముందు లెక్కించండి.

సీటు విషయంలో ఒక మాట. రోడ్డు మీద కూడా నడిపే కారులో రోల్ కేజ్ (లోపల బిగించే ఇనుప గొట్టాల పంజరం) బిగించి హెల్మెట్ లేకుండా కూర్చుంటే, చిన్న గుద్దుకే తల ఇనుప గొట్టానికి తగులుతుంది. అలాగే కంపెనీ సీటుకు నాలుగు పాయల బెల్టు తగిలిస్తే, గుద్దినప్పుడు శరీరం నడుము బెల్టు కిందుగా ముందుకు జారిపోతుంది. కాబట్టి కంపెనీ సీటు, కంపెనీ బెల్టు, మంచి హెల్మెట్ ఒక జట్టు. బకెట్ సీటు, రేసింగ్ బెల్టు, రోల్ కేజ్ మరో జట్టు. రెంటినీ కలపకండి. సీటు విప్పేముందు బ్యాటరీ వైరు తీసి కొంతసేపు ఆగండి, ఎయిర్‌బ్యాగు వ్యవస్థ వైర్లు దాని కిందే ఉంటాయి. కారు కింద పడుకునేటప్పుడు జాకీని మాత్రమే నమ్మకండి. గట్టి నేల మీద స్టాండ్లు పెట్టి, కారును చేత్తో ఒకసారి ఊపి చూశాకే దూరండి. షెడ్డులో ఒంటరిగా ఆ పని చేయవద్దు.

ప్రశ్న: నా దగ్గర స్విఫ్ట్ ఉంది. దాన్ని డ్రిఫ్ట్ కారుగా మార్చవచ్చా? లేకపోతే పాత ఒమ్నీ కొనమంటున్నారు, అది వెనక చక్రాల బండి కదా?
– ఒక పాఠకుడు, పలమనేరు

జవాబు: స్విఫ్ట్‌లో ఇంజను శక్తి ముందు చక్రాలకు వెళుతుంది. హ్యాండ్‌బ్రేక్ లాగి వెనకభాగాన్ని ఒకసారి విసరవచ్చు, కానీ ఆ జారుడును యాక్సిలరేటరుతో కొనసాగించలేరు. తొక్కినకొద్దీ ముందు చక్రాలు కారును మళ్లీ తిన్నగా లాగేస్తాయి. డ్రిఫ్టింగ్ అనేది ఆ కొనసాగింపే. ఒమ్నీ వెనక చక్రాలతోనే నడుస్తుంది, కానీ ఎత్తు ఎక్కువ, వెడల్పు తక్కువ. పట్టున్న నేల మీద పక్కకు జారుతూ ఏ రాయికో తగిలితే బోల్తా పడుతుంది. క్వాలిస్, టవేరాలకూ ఇదే భయం ఉంది. స్విఫ్ట్‌ను అలాగే ఉంచుకుని, ట్రాక్ మీద మంచి బ్రేకింగ్, మలుపులో కారును ఏ దారిన తిప్పాలో నేర్చుకోండి. ఆ విద్య రేపు ఏ కారుకైనా పనికొస్తుంది.

ప్రశ్న: మా వాడికి పదిహేడేళ్లు. స్నేహితుడి కారు తీసుకుని రాత్రిపూట బైపాస్ మీద, ఒక్కోసారి ఘాట్ రోడ్డు మీద డ్రిఫ్టింగ్ చేస్తున్నాడని తెలిసింది. సెలవుల్లో ఆ కారును మా ఇంట్లోనే మారుస్తానంటున్నాడు. ఒప్పుకోమంటారా?
– ఒక తండ్రి, చిత్తూరు

జవాబు: మార్చే పనికి ఒప్పుకోవచ్చు, రోడ్డు మీద నడపడానికి ఎంతమాత్రం ఒప్పుకోకండి. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ ప్రకారం, మైనరు వాహనం నడిపి నేరం చేస్తే 199ఏ సెక్షన్ కింద సంరక్షకుడు లేదా వాహన యజమాని మీద కూడా బాధ్యత పడుతుంది: మూడేళ్ల వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా, వాహనం రిజిస్ట్రేషన్ ఏడాదిపాటు రద్దు, పిల్లవాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్సు రాకపోవడం. అనుమతి లేకుండా రోడ్డు మీద రేసులాడడం 189 సెక్షన్ కింద వేరే నేరం. రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు మారేలా వాహనాన్ని అనుమతి లేకుండా మార్చకూడదని 52వ సెక్షన్ చెబుతుంది. చట్టం ఒప్పుకోని మార్పు చేసిన యజమానికి ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా గాని, ఆరు నెలల వరకు జైలు గాని, రెండూ గాని పడవచ్చు. చట్టాన్ని పక్కన పెట్టినా, ఘాట్ మలుపు అవతల ఏ బస్సు వస్తోందో, ఏ కుటుంబం బైకు మీద దిగుతోందో నడిపేవాడికి కనిపించదు. 2022 మార్చిలో భాకరాపేట ఘాట్‌లో నిశ్చితార్థానికి వెళుతున్న బృందం బస్సు లోయలో పడిన సంగతి మన జిల్లాల వాళ్లు మరిచిపోలేదు. ఆ రోడ్ల మీద తప్పుకు చోటు లేదు.

మీ అబ్బాయి ఆసక్తిని చంపవద్దు. శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ నిర్వహించే ట్రాక్ ఉంది. చిత్తూరు నుంచి ఉదయం బయలుదేరి పని చూసుకుని సాయంత్రానికి తిరిగి రావచ్చు. ట్రాక్ ఎప్పుడు దొరుకుతుందో, తడి నేల మీద కారు జార్చడానికి అనుమతిస్తారో లేదో ముందే అడిగి తెలుసుకోండి. పోటీల్లో పాల్గొనాలంటే దేశంలో మోటార్ క్రీడలను నియంత్రించే ఎఫ్‌ఎంఎస్‌సీఐ లైసెన్సు తీసుకోవాలి. పద్దెనిమిది నిండేలోపు గో-కార్టింగ్‌తో మొదలుపెట్టవచ్చు. మార్చిన కారును అక్కడికి నడుపుకుంటూ కాక, లారీ మీదో ట్రైలరు మీదో తీసుకెళ్లాలి. మామూలు బీమా పాలసీ రేసింగ్‌లో జరిగిన నష్టానికి వర్తించదు కనుక, ఆ కారు యజమానికి ఈ విషయం ముందే చెప్పండి. కారు మీద ఒక్క బోల్టు విప్పేలోపే అతని ఒప్పుకోలు కాగితం మీద తీసుకోండి.