బాబు కోర్సు కోసం ఎఫ్‌డీ ముట్టుకోవద్దు, ఆ లోన్ మీద సంతకం అసలే వద్దు

కుషాయిగూడ నుంచి ఒక అన్న రాశారు, పేరు వేయొద్దన్నారు. వయసు 43, చర్లపల్లిలో ఒక కంపెనీలో సూపర్‌వైజర్, చేతికొచ్చేది 36 వేలు. వాళ్ళావిడ ఇంట్లోనే మిషన్ కుడతారు, అదొక 6,500 దాకా. అద్దె 11 వేలు, ఇంటి ఖర్చు 14 వేలు, బండి ఈఎంఐ 3,400, ఏడో తరగతి పాప స్కూలుకి నెలకి సగటున 3,500, రెండు లక్షల చిట్టీకి నెలకి 5 వేలు, 40 నెలల్లో 17 నెలలు కట్టేశారు. బ్యాంకులో 1,60,000 ఎఫ్‌డీ ఉంది. ఆస్తి అంటే ఇంతే.

బాబుకి 15 ఏళ్ళు, టెన్త్ అయింది, చిన్నప్పట్నుంచి మెషీన్లంటే పిచ్చి. పాలిటెక్నిక్ ఎంట్రన్స్ పాలీసెట్ రాస్తే మాసబ్‌ట్యాంక్ గవర్నమెంట్ పాలిటెక్నిక్‌లో మెకానికల్ సీటొచ్చింది. ఈలోపు అమీర్‌పేటలో ఒక ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు రోబోటిక్స్ అండ్ ఆటోమేషన్ డిప్లొమా అని పద్దెనిమిది నెలల కోర్సు చూపించారట, ఫీజు 3,40,000, ముందు 40 వేలు కడితే మిగతా మూడు లక్షలకి లోన్ వాళ్ళే ఇప్పిస్తారట, 14 శాతం ఫ్లాట్, 36 నెలలు, నెలకి 11,833. వంద శాతం ప్లేస్‌మెంట్, మొదటి జీతమే 25 వేలు. ఆ అన్న అడిగింది ఇది: "ఎఫ్‌డీలోంచి 40 వేలు తీసి కట్టి, చిట్టీ ఆపేసి, ఈఎంఐకి తక్కువ పడ్డప్పుడల్లా ఎఫ్‌డీ నుంచి వాడుకుంటే సరిపోతదా? గవర్నమెంట్ కాలేజీ దూరం, అక్కడ పాత మెషీన్లే ఉంటయంటున్నరు."

సరిపోదన్నా. లెక్కకి సరిపోయినా చెయ్యొద్దు. ఇలాంటి మెసేజ్‌లు నాకు ప్రతి జూన్‌లో వస్తయి, కోర్సు పేరు మారుతది, ఏరియా మారుతది, తప్పు మాత్రం ఒక్కటే, పిల్లల చదువు అనేసరికి ఇంట్లో ఉన్న ఆఖరి రూపాయి కూడా తీసి కట్టేసి, ఆ పైన అప్పు చెయ్యడం. అందుకే మీకు విడిగా కాకుండా అందరికీ కనపడేట్టు రాస్తున్నా.

ముందు మీ లెక్కే చూద్దాం. వచ్చేది 42,500, చిట్టీతో కలిపి పోయేది 36,900, మిగిలేది 5,600. చిట్టీ ఆపితే 10,600. ఈఎంఐ 11,833. అంటే అన్నీ ఆపుకున్నా నెలకి 1,233 తక్కువే, మూడేళ్ళకి అది 44 వేలు దాటుతది. ఎఫ్‌డీలో 40 వేలు ఆల్రెడీ పోయినయి కాబట్టి చివరికి మీ దగ్గర ఉండేది 75 వేలు. అది కూడా ఎప్పుడు? ఈ మూడేళ్ళు ఇంట్లో ఒక్కరికి కూడా ఒంట్లో బాగాలేకపోకుండా, అద్దె పెరక్కుండా, పాప స్కూల్ ఫీజు పెరక్కుండా, మీ కంపెనీలో ఒక్క నెల కూడా జీతం ఆగకుండా ఉంటే! హైదరాబాద్‌లో అద్దె పెంచకుండా మూడేళ్ళు ఉంచే ఓనర్ ఎక్కడున్నాడు చెప్పండి.

ఇక ఆ 14 శాతం. ఫ్లాట్ అన్నారంటే మీరు అసలు తీర్చుకుంటూ పోతున్నా వడ్డీ మాత్రం మొత్తం మూడు లక్షల మీదే లెక్క కడతారు. దాన్ని మన భాషలో చెప్పాలంటే నూటికి రెండు రూపాయల వడ్డీ, ఏడాదికి 24 శాతం పైనే పడుతది. ఊళ్ళో ఎవరైనా రెండు రూపాయల వడ్డీకి ఇస్తానంటే అమ్మో అని వెనక్కి తగ్గే మనం, ఏసీ రూమ్‌లో ట్యాబ్ మీద చూపిస్తే 14 ఏగా అని సంతకం పెడుతున్నం. నాకు కోపం వచ్చేది ఇక్కడే. రిజర్వ్ బ్యాంక్ రూల్ ప్రకారం 2024 అక్టోబర్ నుంచి ఇలాంటి లోన్ ఏది ఇచ్చినా కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్ అని ఒక కాగితం ఇవ్వాలి, అందులో ఏపీఆర్ అని అసలు రేటు రాసి ఉండాలి. ఆ కాగితం అడిగారా? చూపించి ఉంటే మీరు నాకు 14 అని రాసేవాళ్ళు కాదు. మొత్తం మీద మీరు కట్టేది 4,66,000, కోర్సు ఖరీదు 3,40,000.

ఇంకో సంగతి, ఇది ఎవరూ చెప్పరు. ఇలాంటి లోన్‌లో డబ్బు మీ చేతికి రాదు, నేరుగా ఇన్‌స్టిట్యూట్‌కి పోతది, అప్పు మాత్రం మీ పేరు మీద ఉంటది. బాబుకి ఆరు నెలల తర్వాత నచ్చకపోయినా, ఇన్‌స్టిట్యూట్ షట్టర్ దించేసినా ఈఎంఐ ఆగదు, అప్పులు ఎట్లా కట్టారో చూపించే మీ సిబిల్ స్కోరే పాడవుతది. ఇంకా మీ బాబు వయసు చూడండి, ఇప్పుడు 15, కోర్సు అయ్యేసరికి 17. పద్దెనిమిది నిండని పిల్లల్ని షాప్ ఫ్లోర్‌లో పెట్టుకోవడానికి చట్టంలో ఎన్ని ఆంక్షలున్నాయో మీరు సూపర్‌వైజర్, నాకంటే మీకే బాగా తెలుసు. మీ కంపెనీలో 17 ఏళ్ళ పిల్లాడిని రోబో సెల్ దగ్గర నిలబెడతారా? మరి ఆ వంద శాతం ప్లేస్‌మెంట్ ఎవరికి, ఎప్పుడు? ఈఎంఐ మాత్రం వచ్చే నెల నుంచే.

ఇప్పుడు నేను అసలు చెప్పాలనుకున్నది. మీ 1,60,000 ఎఫ్‌డీని మీరు చదువు డబ్బులు అనుకుంటున్నరు. కాదన్నా. చిట్టీ పక్కనబెడితే మీ ఇల్లు నడవడానికి నెలకి 31,900 కావాలి, అంటే ఆ ఎఫ్‌డీ సరిగ్గా ఐదు నెలల బతుకు. మీ జీతం ఒక్కటి ఆగితే ఇంట్లో నలుగురు ఐదు నెలలు తలెత్తుకుని ఉండగలిగే డబ్బు అది.

ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే మా ఇంట్లో జరిగింది కాబట్టి. 1998లో మా అన్నయ్యని కంప్యూటర్ హార్డ్‌వేర్ డిప్లొమాలో చేర్చడానికి నాన్న పోస్టాఫీసులో ఉన్నదంతా తీసి, చాలనిదానికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చి ఏడాది ఫీజు ఒకేసారి కట్టారు. నాలుగు నెలలు తిరగకుండానే ఉప్పల్ దగ్గర నాన్న స్కూటర్ మీంచి పడి కాలు విరిగింది. హాస్పిటల్‌లో ముందు అడ్వాన్స్ కట్టమన్నారు. ఇంట్లో రూపాయి లేదు. అమ్మ పసుపుతాడు కట్టుకుని పుస్తెలతాడు తాకట్టు షాపుకి పంపింది. అన్నయ్య కోర్సు మానేసి ఒక జిరాక్స్ షాపులో చేరాడు, మూడు నెలలు నాన్నకి జీతం లేదు మరి. ఫీజు వెనక్కి ఇమ్మని అడగడానికి అమ్మతో నేనూ వెళ్ళా, కౌంటర్ అవతలి మనిషి మాట కూడా మాట్లాడలేదు, రసీదు తిప్పి వెనకాల ఊదారంగు స్టాంపు మీద వేలు పెట్టి చూపించాడు, నాన్ రిఫండబుల్ అని. ఆ రసీదు ఇప్పటికీ అమ్మ ఇనప్పెట్టెలో ఉంది. కోర్సు చెడ్డది అయ్యుండకపోవచ్చు. ఒక్క మూడు నెలల ఖర్చు పక్కన ఉండుంటే అన్నయ్య అది పూర్తి చేసేవాడు. ఇంట్లో ఆపద వచ్చినప్పుడు ముందు ఆగిపోయేది చదువుకునే పిల్లల చదువే, అందుకే ఎఫ్‌డీని కాపాడమంటున్నా, అది మీ బాబు డిప్లొమా మధ్యలో ఆగకుండా ఉండటానికే.

కాబట్టి ఆ ఎఫ్‌డీ ఉండనివ్వండి. ఒకే ముక్కగా ఉంటే దాన్ని పాతిక వేల చొప్పున విడగొట్టి వేస్కోండి, అవసరమొస్తే ఒక్కటే తీస్తారు, మిగతావి కదలవు. దాంట్లోంచి ఒక నెల ఖర్చు మాత్రం సేవింగ్స్ ఖాతాలో పెట్టండి, హాస్పిటల్ రాత్రి రెండు గంటలకి అడుగుతది, ఎఫ్‌డీ కోసం బ్యాంకు తెరిచేదాకా ఆగదు. మిగిలే 5,600లోంచి నెలకి 3 వేలు వేస్తే ఏడాది లోపే ఆరు నెలల ఖర్చు నిండుతది. చిట్టీ ఉందిగా అనకండి, చిట్టీ ఎమర్జెన్సీ ఫండ్ కాదు, వేలం పాడుకోవాలి, తొందరలో పాడితే వేలకి వేలు వదులుకోవాలి, పాడుకున్నాక కూడా జామీనులు తెచ్చేదాకా చెక్కు ఇవ్వరు. అట్లాగని ఆపనూ ఆపకండి, మధ్యలో ఆపితే కట్టింది కూడా వెంటనే చేతికి రాదు. ఇంకా 23 నెలలు, బాబు రెండో ఏడాది అయ్యేసరికి అయిపోతది, డిప్లొమా తర్వాత ఈసెట్ రాసి బీటెక్ రెండో సంవత్సరంలో చేరితే ఆ డబ్బు అప్పుడు పనికొస్తది.

ఇన్సూరెన్స్ గురించి మీరు ఒక్క ముక్కే రాశారు, కంపెనీ ఇచ్చిన రెండు లక్షల గ్రూప్ హెల్త్ పాలసీ. మీ జీతం 21 వేలు దాటింది కాబట్టి ఈఎస్‌ఐ లేదు, కంపెనీ మారిన రోజు ఈ పాలసీ కూడా ఉండదు. నలుగురికీ కలిపి ఐదు లక్షల ఫ్లోటర్ హెల్త్ పాలసీ ఒకటి, మీకేమైనా అయితే ఇంటికి డబ్బొచ్చేట్టు మీ పేరు మీద ఒక టర్మ్ పాలసీ తీస్కోండి. 2025 సెప్టెంబర్ 22 నుంచి వీటి మీద జీఎస్టీ కూడా లేదు.

చదువు సంగతికొస్తే మీరు కంగారుపడాల్సిన పనే లేదు, మీ చేతిలో ఉన్నది మంచి సీటు. మూడేళ్ళ డిప్లొమా, ఏడాది ఫీజు మీ ఒక నెల అద్దె కంటే తక్కువే, బయటికొచ్చేసరికి బాబుకి 18 నిండుతయి, ఈసెట్ రాయొచ్చు, రైల్వేలో జూనియర్ ఇంజనీర్ లాంటివాటికి అప్లై చెయ్యొచ్చు. ఆ పద్దెనిమిది నెలల సర్టిఫికెట్‌కి రాష్ట్ర టెక్నికల్ బోర్డు ఎస్‌బీటెట్ గానీ, దేశం మొత్తానికి ఉండే ఏఐసీటీఈ గానీ గుర్తింపు ఇచ్చాయా అని అడగండి, లేకపోతే ఈ రెండూ కుదరవు. దూరమంటారా, బస్సు పాస్ తీస్కుంటే సరి, రెండు బస్సులు మారి చదువుకున్నవాళ్ళు ఈ ఊళ్ళో ఎంతమంది లేరు.

రోబోటిక్స్ నేర్చుకోవాలనే కోరిక మంచిదే, దాన్ని చంపకండి. బాలానగర్‌లో సెంట్రల్ గవర్నమెంట్ వాళ్ళ సీఐటీడీ ఉంది, 1968 నుంచి టూల్ డిజైన్ నేర్పుతున్నారు, సీఎన్‌సీ అంటే కంప్యూటర్‌తో నడిచే మెషీన్లు, క్యాడ్ అంటే కంప్యూటర్‌లో డిజైన్, ఇలాంటివాటికి షార్ట్ టర్మ్ కోర్సులు కూడా ఉంటయి, సెలవుల్లో పొదుపు డబ్బుతోనే ఒకటి చేయించొచ్చు. సీటు రానివాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే వాళ్ళకి మీ చర్లపల్లిలోనే ప్లాస్టిక్ టెక్నాలజీ నేర్పే సీపెట్ ఉంది, మల్లేపల్లి ఐటీఐ ఉంది, ఇప్పుడు ఐటీఐల్లో అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లు పెడుతున్నారు, కొత్త మెషీన్లు అక్కడికే వస్తున్నయి. ఎప్పుడైనా అప్పు తప్పదంటే బ్యాంకులో స్కిల్ కోర్సుల కోసం ఇచ్చే మోడల్ స్కిల్ లోన్ అడగండి, 2024లో దాని పరిమితి లక్షన్నర నుంచి ఏడున్నర లక్షలకి పెంచారు. ఇప్పుడైతే మీకు అది కూడా అక్కర్లేదు.

మీరు చివర్లో రాశారు, అమీర్‌పేటలో రిజిస్ట్రేషన్ కింద 2 వేలు కట్టేశామని. పోతే పోనీయండి, ఆ రెండు వేల కోసం నాలుగున్నర లక్షల్లో దిగకండి. లోన్ కోసం ఆధార్, పాన్, బ్యాంక్ స్టేట్‌మెంట్లు ఇచ్చుంటే లోన్ వద్దని వాళ్ళకి మెయిల్‌లో రాతపూర్వకంగా పంపి, ఓ నెల తర్వాత మీ సిబిల్ రిపోర్ట్‌లో కొత్త లోన్ ఏమైనా కనపడుతుందేమో చూస్కోండి. ఇవ్వాళ రాత్రే అలాట్‌మెంట్ ఆర్డర్ తీసి చివరి తేదీ ఎప్పుడో చూడండి, ఆలోపు ఆన్‌లైన్‌లో ఫీజు కట్టి సెల్ఫ్ రిపోర్టింగ్, అంటే ఈ సీటు మాకు కావాలని అక్కడే తెలియజేయడం, చెయ్యకపోతే మాసబ్‌ట్యాంక్ సీటు వేరేవాళ్ళకి పోతది. టీసీ, మార్కుల మెమో, స్టడీ సర్టిఫికెట్లు రెండేసి సెట్లు జిరాక్స్ తీయించి పెట్టుకోండి, బాబుని కూడా పక్కన కూర్చోబెట్టుకుని అతని చేతే రిపోర్టింగ్ చేయించండి.