కోడ్ సందేహాలు: పిలిచిన మెథడ్ పేరు

ప్రశ్న: సీషార్ప్‌లో మా టీమ్ కోసం చిన్న లాగ్ మెథడ్ రాశాను. తనను ఏ మెథడ్ పిలిచిందో స్టాక్‌ఫ్రేమ్‌తో (మెథడ్ల పిలుపుల వరుసలో, అంటే స్టాక్‌లో, ఒక్కో మెట్టును చూపే క్లాస్) కనుక్కుని ఆ పేరు లాగ్‌లో వేస్తుంది. డీబగ్‌లో బాగానే ఉంది. రిలీజ్ బిల్డ్ సర్వర్ ఎక్కాక కొన్నిచోట్ల ఇంకో మెథడ్ పేరు పడుతోంది. అసింక్ (మధ్యలో ఆగి తర్వాత కొనసాగగల) మెథడ్ల దగ్గరైతే డీబగ్‌లోనూ ‘మూవ్‌నెక్స్ట్’ అనే వస్తోంది. ఆ పేరుతో మా కోడ్‌లో ఏమీ లేదు. ఏం చేయాలి?
– ఒక పాఠకుడు, మారతహళ్లి, బెంగళూరు

జవాబు: ఇవి రెండు వేర్వేరు తంటాలు. స్టాక్‌ఫ్రేమ్‌కి 0 ఇస్తే మీ లాగ్ మెథడే వస్తుంది, 1 ఇస్తే దాన్ని పిలిచినది. రిలీజ్‌లో జిట్ కంపైలర్ (ప్రోగ్రామ్ నడిచేటప్పుడు మెషీన్ కోడ్ తయారుచేసేది) చిన్న మెథడ్లను పిలిచిన చోటే కలిపేస్తుంది. దీన్నే ఇన్‌లైన్ చేయడం అంటారు. అలా కలిసిపోయినదానికి స్టాక్‌లో సొంత ఫ్రేమ్ ఉండదు. అందుకే 1 దగ్గర దాన్ని పిలిచిన మెథడ్ చిక్కుతుంది. అలా కలపొద్దని చెప్పే నోఇన్‌లైనింగ్ గుర్తు పెట్టి ఆపొచ్చు గానీ, లాగ్‌ని పిలిచే ప్రతి మెథడ్‌కీ పెట్టాలి. లాగ్ కోసం అంత చాకిరీ దండగ.

ఇక మూవ్‌నెక్స్ట్ సంగతి. అసింక్ మెథడ్‌ని కంపైలర్ ఒక స్టేట్ మెషీన్‌గా (ఎక్కడ ఆగిందో గుర్తుపెట్టుకునే టైప్‌గా) మార్చేస్తుంది. మీరు రాసిన కోడంతా అందులోని మూవ్‌నెక్స్ట్ మెథడ్‌లోకి పోతుంది, అందుకే స్టాక్‌లో ఆ పేరే కనబడుతుంది.

రెంటికీ మందు ఒకటే: కాలర్‌మెంబర్‌నేమ్ అనే ఆట్రిబ్యూట్ (కోడ్‌కి తగిలించే, కంపైలర్ చదివే గుర్తు). 2012లో సీషార్ప్ 5తో వచ్చింది. లాగ్ మెథడ్‌కి చివర ఒక స్ట్రింగ్ పారామీటర్ చేర్చి, దానికి ఈ ఆట్రిబ్యూట్ తగిలించి, డిఫాల్ట్‌గా ఖాళీ స్ట్రింగ్ ఇవ్వండి. డిఫాల్ట్ లేకపోతే కంపైల్ కాదు. యూజింగ్‌లో సిస్టమ్.రన్‌టైమ్.కంపైలర్‌సర్వీసెస్ ఉండాలి. పేరును కంపైలరే పిలిచిన చోట రాసిపెడుతుంది, కాబట్టి స్టాక్ వెతుకులాటే ఉండదు. అసింక్‌లోనూ అసలు పేరే వస్తుంది.

జాగ్రత్త పడాల్సింది ఇక్కడే. ఎవరైనా మెసేజ్ తర్వాత ఆర్డర్ నంబర్‌ని స్ట్రింగ్‌గా ఇచ్చారనుకోండి, అది నేరుగా ఆ పారామీటర్‌లో కూర్చుంటుంది. లాగ్‌లో మెథడ్ పేరు బదులు ఆర్డర్ నంబర్ కనిపిస్తుంది, కంపైలర్ కిమ్మనదు. లాగ్‌ని ఇంకో హెల్పర్‌లో చుట్టితే హెల్పర్ పేరే పడుతుంది. హెల్పర్‌కీ ఇదే పారామీటర్ పెట్టి, వచ్చిన పేరును లోపలికి పంపండి.

క్లాస్ పేరు ఇది ఇవ్వదు. పిలిచిన కోడ్ ఉన్న ఫైల్ దారిని ఇచ్చే కాలర్‌ఫైల్‌పాత్ ఆట్రిబ్యూట్ వాడితే మామూలుగా బిల్డ్ మెషీన్‌లోని పూర్తి ఫోల్డర్ దారి లాగ్‌కెక్కుతుంది. ఫైల్ పేరు వరకే కత్తిరించి వాడండి.

ప్రశ్న: జావాలో ఇలాంటిది ఉందా?

జవాబు: ఈ ఆట్రిబ్యూట్ లాంటిది లేదు. జావా 9 నుంచి స్టాక్‌ని చదివే స్టాక్‌వాకర్ క్లాస్ ఉంది. లాగ్ మెథడ్‌లో వాక్‌ని పిలిచి, స్కిప్‌కి 1 ఇచ్చి, ఫైండ్‌ఫస్ట్ అడగండి. మెథడ్ పేరుతోపాటు క్లాస్ పేరూ దొరుకుతుంది. హాట్‌స్పాట్‌లో (జావా ప్రోగ్రామ్‌లను నడిపే వర్చువల్ మెషీన్) ఇన్‌లైన్ అయిన మెథడ్ కూడా స్టాక్‌లో విడిగానే కనబడుతుంది, కాబట్టి మొదటి పాఠకుడి బాధ మీకు లేదు.