మూడేళ్లకే పలకా?

ప్రశ్న: అంగన్‌వాడీ టీచర్‌గా ఈమధ్యే చేరాను. మూడేళ్లొచ్చినా అఆలు దిద్దించరేమని తల్లులు నిలదీస్తున్నారు. ఏం చెప్పను? – ఒక పాఠకురాలు, జనగామ

జవాబు: దిద్దించకమ్మా. సూపర్‌వైజర్‌గా ఈ మాట ఎన్ని ఊళ్లలో చెప్పానో! ఆ వయసుకి మణికట్టు ఎముకలు చాలావరకు ఇంకా మృదులాస్థే, బలపం పట్టే బలం వేళ్లకు రాదు. బంకమట్టి పిసకనివ్వు, కాగితాలు చింపనివ్వు, చిక్కుడుకాయలు ఒలవనివ్వు. (చింతపిక్కలతో ఆడుతుంటే మాత్రం పక్కనే ఉండు, నోట్లో పెట్టేసుకుంటారు.)

అంతకన్నా ముఖ్యం మాట. కథ మధ్యలో ఆపి "తర్వాత ఏమైంది?" అని అడుగు. పిల్ల నోరు విప్పేదాకా ఆగు. చాలామందికి లేనిది ఆ ఓపికే. తల్లుల్ని ఒక పూట కేంద్రంలో కూర్చోబెట్టు, వాళ్లే చూస్తారు.

మూడేళ్లు నిండినా రెండు మాటలు కలిపి చెప్పని బిడ్డ ఉంటే మాత్రం ఆలస్యం చేయకుండా ఆర్‌బీఎస్‌కే (పిల్లల ఆరోగ్య పరీక్షల ప్రభుత్వ పథకం) వైద్య బృందానికి చూపించు.