నక్షత్రాలు గీతల్లా, మసకగా వస్తున్నాయంటే

రాత్రి ఆకాశాన్ని ఫోటో తీస్తూ జూమ్ లెన్స్‌ను 55 ఎంఎం దగ్గర పెట్టి 30 సెకన్ల ఎక్స్‌పోజర్ (షట్టర్ తెరిచి ఉంచే సమయం) ఇస్తే చుక్కలు గీతల్లా సాగాయి, పైగా మసకబారాయి అన్నారు. ఇవి రెండూ వేర్వేరు సమస్యలండీ. కెమెరా మార్చాల్సిన పనేమీ లేదు.

గీతలకు కారణం భూభ్రమణం. ట్రైపాడ్ ఎంత గట్టిదైనా ఆకాశం గంటకు 15 డిగ్రీల చొప్పున జరుగుతూనే ఉంటుంది. మీది క్రాప్ సెన్సర్ (ఫుల్‌ఫ్రేమ్ కన్నా చిన్న సెన్సర్) కాబట్టి ఫోకల్ లెంగ్త్‌ను, అంటే లెన్స్ మీది ఎంఎం అంకెను, 1.5తో గుణించి, వచ్చినదానితో 500ను భాగించండి. గీతలు పడకుండా ఇవ్వగల గరిష్ఠ సమయం 55 ఎంఎం దగ్గర 6 సెకన్లు, 18 ఎంఎం దగ్గర సుమారు 18 సెకన్లు వస్తుంది. ఈ లెక్క కాస్త ఉదారమైనదే, నేనైతే 18 దగ్గర కూడా 13 సెకన్లు దాటను.

మసకకు కారణం ఫోకస్. చీకట్లో ఆటోఫోకస్‌ను నమ్ముకోవద్దు. ముందే జూమ్ 18కి తెచ్చేయండి, తర్వాత కదిపితే ఫోకస్ మళ్లీ మారిపోతుంది. ఫోకస్‌ను మాన్యువల్‌లో పెట్టి, లైవ్ వ్యూలో (కెమెరా వెనక తెర మీద) బాగా వెలిగే చుక్కను 10 రెట్లు పెద్దది చేసి చూస్తూ ఫోకస్ రింగును మెల్లగా తిప్పండి. ఉబ్బిన చుక్క చిన్నదవుతూ వచ్చి, ఒక చోట దాటగానే మళ్లీ ఉబ్బుతుంది. వెనక్కి తిప్పి, అతి చిన్నగా కనిపించిన చోట ఆపేయండి. కొంతమంది అక్కడే రింగుకు టేపు అంటిస్తారు, మంచి అలవాటే.

మిగతావి తేలికే: ఎఫ్ 3.5 (లెన్స్ ద్వారం), ఐఎస్ఓ 3200 (కాంతికి సున్నితత్వం), రా ఫార్మాట్ (కుదించని ఫైలు), 2 సెకన్ల టైమర్, స్టెబిలైజేషన్ (కుదుపు తగ్గించే ఏర్పాటు) ఆఫ్. వెన్నెల లేని రాత్రి తీసి చూడండి. అప్పటికీ మసకగానే ఉంటే లెన్స్ మీద మంచు పట్టిందేమో టార్చి వేసి చూడండి.